కోష్ఠాంగాలకు చమత్కార నిర్వచనాలు - ఆత్మతో సహా

విడపనకల్లు ప్రాంతపు పల్లెల్లో రోగులను చూచేటప్పుడు నేను మొట్టమొదట అడిగే ప్రశ్న ‘నొప్పి ఎక్కడ?’ అన్నది. దానికి వచ్చే సమాధానాలు ఆలోచింపజేస్తాయి. రొమ్ము నడుమ చేయి పెట్టి ‘కడుపులో గ్యాసు’ అనేవారున్నారు. బొడ్డు దగ్గర చేయి పెట్టి ‘గుండె దడ’ అనేవారున్నారు. పక్కటెముకల కింద, వెన్నుకు దాపున పట్టుకొని ‘వాతం నొప్పి, చెనిక్కాయలు పెరికినందుకు వచ్చింది’ అనేవారూ ఉన్నారు. ఏ అవయవం ఎక్కడ ఉందో తెలియకపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని గుండెపోటును గ్యాసనుకొని వాము నమిలి పడుకున్నవాడికి తెల్లవారకపోవచ్చు.

అందువల్ల ఈ పాఠంలో లోపలి అవయవాలను పాఠకులకు పరిచయం చేయదలచాను. చరక సంహిత శారీర స్థానంలో కోష్ఠాంగాలు పదిహేనని చెప్పబడింది. నాభి, హృదయం, క్లోమం, యకృత్తు, ప్లీహం, వృక్కాలు, వస్తి, ఆమాశయం, పక్వాశయం, అంత్రాలు మొదలైనవి వాటిలోనివి. వాటన్నిటినీ లక్షణ సహితంగా వివరిస్తే రెండో పుటలోనే పాఠకులు పత్రిక మూసివేస్తారు. కనుక ప్రతి అవయవానికి ముందుగా ఒక చమత్కార నిర్వచనం, తరువాత దాని అసలు పని, చివర ఇంటిలో తీసుకోవలసిన జాగ్రత్త చెబుతాను. నవ్వినది మనస్సులో నిలుస్తుంది. నిలిచినది అవసరానికి గుర్తుకు వస్తుంది.

1. కడుపు (ఆమాశయం)

నిర్వచనం: పొద్దున ఉగ్గానికీ మిరపకాయ బజ్జీకీ మర్యాదలు చేసి లోపలికి పిలిచి, మధ్యాహ్నానికి వాటిమీదనే పంచాయితీ పెట్టే సంచి.

తెలుగువారికి కడుపు ఒక అవయవం మాత్రమే కాదు. కడుపుపంట అంటే సంతానం. కడుపుకోత అంటే పుత్రశోకం. కడుపుమంట అంటే పక్కింటివారి కొత్త ట్రాక్టరు. వైద్యుడికి మాత్రం కడుపుమంట అంటే ఆమాశయంలోని ఆమ్లం హద్దు మీరడం. ఆమాశయం ఉదరం పైభాగాన, కొంచెం ఎడమవైపున ఉంటుంది. నిండుగా తిన్నప్పుడు సుమారు లీటరు నుంచి లీటరున్నర వరకు పడుతుంది. అంతకు మించి పట్టించగలిగితే అది ఆమాశయపు గొప్పతనం కాదు, పెళ్లివారి మొహమాటం.

వాగ్భటుడు అష్టాంగ హృదయంలో ఒక చక్కని కొలత చెప్పాడు. కడుపును నాలుగు భాగాలుగా ఊహించుకొని, రెండు భాగాలు ఘనాహారంతో, ఒక భాగం ద్రవంతో నింపి, నాలుగో భాగం వాయు సంచారానికి ఖాళీగా వదలాలన్నాడు. మనం ఆ నాలుగో భాగాన్ని కూడా ఓళిగలకు కౌలుకిస్తున్నాము.

జాగ్రత్త: పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి పావు చెంచా కలిపి భోజనానంతరం తాగితే తేలికగా ఉంటుంది. సోంపు నమలవచ్చు. రాత్రి భోజనానికీ పడకకూ నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి. ఒళ్లునొప్పుల మాత్రలను పరగడుపున మింగరాదు. మలం తారువలె నల్లగా పోయినా, వాంతిలో రక్తం కనిపించినా అది జీలకర్రకు లొంగే వ్యాధి కాదు. ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

2. గుండె (హృదయం)

నిర్వచనం: పుట్టకముందే ఉద్యోగంలో చేరి, సెలవు గాని, పండుగ బోనసు గాని అడగకుండా పనిచేసే నౌకరు. ఒక్కసారి సమ్మె చేసిందా, సంస్థ మొత్తం మూతపడుతుంది.

బృహదారణ్యకోపనిషత్తు ‘హృదయ’ శబ్దాన్ని మూడక్షరాలుగా విడదీసింది. ‘హృ’ అంటే తెచ్చుట, ‘ద’ అంటే ఇచ్చుట, ‘య’ అంటే వెళ్లుట. ఉపనిషత్తు చెప్పదలచినది బ్రహ్మతత్త్వం. అయినా రక్తాన్ని తెచ్చుకొని, ఇచ్చి, సాగనంపే ఈ కండరానికి అంతకన్న పొందికైన నిర్వచనం దొరకదని విద్యార్థులకు నేను చెబుతుంటాను. సుశ్రుతుడు దీనిని తలక్రిందులుగా ఉన్న తామరమొగ్గతో పోల్చాడు.

గుండె రొమ్ము ఎముక వెనుక, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. పరిమాణం మన పిడికిలంత. రోజుకు ఇంచుమించు లక్ష సార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి సుమారు ఐదు లీటర్ల చొప్పున రోజుకు ఏడు వేల లీటర్ల రక్తాన్ని తోస్తుంది. వేసవిలో ఊరికి వచ్చే ఐదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకరును తలచుకోండి. ఆ ట్యాంకరుకు మించిన సరఫరాను ఈ పిడికెడు కండరం ప్రతిరోజూ డీజిలు లేకుండా చేస్తున్నది.

జాగ్రత్త: ఛాతీ నడుమ బండ పెట్టినట్లు బరువు, పిండినట్లు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లని చెమట, ఆయాసం ఉంటే గుండెపోటని శంకించాలి. స్త్రీలలోను, మధుమేహం ఉన్నవారిలోను నొప్పి స్పష్టంగా లేకుండా కేవలం నీరసం, వికారం, ఆయాసాలతో కూడా రావచ్చు. ఇక్కడ గృహవైద్యం లేదు. వాము లేదు, సోడా లేదు. 108కి ఫోను చేయడమే మందు. ‘చూద్దాంలే’ అన్న మాట తీసిన ప్రాణాలు తక్కువ కావు.

3. ఊపిరితిత్తులు

నిర్వచనం: కమ్మరి కొలిమికి తోలుతిత్తి ఎలాంటిదో శరీరానికి ఇవి అలాంటివి. కమ్మరి నిప్పును తిత్తికి బయట ఉంచుతాడు. బీడీ తాగేవాడు లోపల పెడతాడు. తేడా అంతే.

పేరులోనే పని ఉన్న అవయవమిది. రోజుకు ఇరవై వేల సార్లు ఈ తిత్తి నిండి ఖాళీ అవుతుంది. ఇవి రక్తపు నురుగు నుంచి పుట్టాయని సుశ్రుతుడు వ్రాశాడు. నురుగు నిండా గాలిబుడగలున్నట్లే, ఊపిరితిత్తుల్లో కోట్లాది సూక్ష్మమైన గాలిగదులున్నాయని నేటి శాస్త్రం చెబుతున్నది. ఆ కాలపు పరిశీలన శక్తికి నమస్కరించవలసినదే.

జాగ్రత్త: చెనిక్కాయల నూర్పిడి, మిరపకాయల తొడిమ తీత, మాగాణి దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, ఇవన్నీ తిత్తికి చిల్లు పెట్టేవే. నూర్పిడి వేళ ముక్కుకూ నోటికీ తడిబట్ట కట్టుకోవాలి. సాధారణ జలుబు దగ్గులకు తులసి, అల్లం, మిరియాల కషాయం మంచిది. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించరాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కషాయం మార్చడం కాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే కఫ పరీక్ష అవసరం.

4. కాలేయం (యకృత్తు)

నిర్వచనం: ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. అందరి పనీ తానే చేస్తుంది, అందరి తప్పులూ తానే మింగుతుంది, పెదవి విప్పదు. విప్పినదంటే అప్పటికే చేయి దాటినదని అర్థం.

కుడివైపు పక్కటెముకల చాటున ఉండే ఈ అవయవం బరువు సుమారు కిలోన్నర. లోపలి అవయవాలన్నిటిలో పెద్దది. దీని రంగును బట్టి అమరకోశం ‘కాలఖండం’ అన్న పేరు కూడా ఇచ్చింది, అనగా నల్లని ముక్క. పిత్తరసం తయారుచేయడం, చక్కెరను నిలువచేయడం, విషాలను విరిచివేయడం దీని విధులు. కొంత భాగం కోసివేసినా మళ్లీ పెరగగల ఓర్పు దీనికున్నది. కాని పెద్దకోడలి ఓర్పుకు కూడా ఒక హద్దు ఉంటుంది.

మా ఊరి పేరు చివర ‘కల్లు’ అన్న మాట ఉన్నది. తెలుగులో కల్లు ఈతచెట్టు నుంచి దిగుతుంది. కన్నడంలో కల్లు అంటే రాయి. తెలుగు కల్లు, దాని అన్నదమ్ములైన సారా, బ్రాందీలు కాలేయానికి శత్రువులు. కన్నడ కల్లు మూత్రపిండానికి శత్రువు. సరిహద్దు ఊళ్లవారికి రెండు భాషలూ వచ్చు కనుక రెండు కల్లులకూ దూరంగా ఉండాలని నా మనవి.

జాగ్రత్త: కామెర్లకు పసరు పోయించే అలవాటు మన పల్లెల్లో ఉన్నది. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల విశ్రాంతితో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గేటప్పుడు పేరు పసరుకు వస్తుంది. ‘బి’, ‘సి’ రకాల కామెర్లు రక్తం ద్వారా వచ్చి, లోలోపల సంవత్సరాల తరబడి కాలేయాన్ని కొరుకుతాయి. వాటికి పసరు పనిచేయదు. కనుక ముందు రక్తపరీక్ష, ఆ తరువాతనే మందు. మూలిక గనుక హాని చేయదన్న నమ్మకం కూడా తగదు. 2021లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలను ముంబయి వైద్యులు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. వివాదం ఎలా ఉన్నా, మోతాదు, కాలపరిమితి తెలియకుండా ఏ మూలికనూ నెలల తరబడి వాడకూడదన్నది వైద్యులందరూ ఒప్పుకొనే మాట.

5. మూత్రపిండాలు (వృక్కాలు)

నిర్వచనం: కరవుసీమ రైతులు, కవల సోదరులు. నీటి విలువ తెలిసిన అవయవాలు శరీరంలో ఇవి రెండే.

ఈ పాఠంలో నేను ఎక్కువసేపు నిలువదలచిన చోటు ఇది. నడుము పైభాగాన, వెన్నుకు అటూ ఇటూ, పిడికిలంత చిక్కుడుగింజల వలె ఇవి ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు. ఒక్కొక్కదానిలో దాదాపు పది లక్షల వడపోత గొట్టాలున్నాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో 178 లీటర్లకు పైగా తిరిగి శరీరానికే అప్పగించి, లీటరున్నర, రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. నూటికి తొంభై తొమ్మిది పాళ్ల నీటిని తిరిగి వాడుకొనే ఇంతటి పొదుపు పథకం ఏ ప్రభుత్వమూ ఇంతవరకు అమలు చేయలేదు.

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు. పైరు ఎండడం మన కంటికి కనిపిస్తుంది. ఒళ్లు ఎండడం కనిపించదు. మండుటెండలో పొలంలో ఎనిమిది గంటలు పనిచేసి, ఒక చెంబెడు నీళ్లతో సరిపెట్టుకొన్నవారి మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రంలో లవణాలు పేరుకొని రాయి కడుతుంది. తొలకరి కురిసిన తరువాత వజ్రకరూరు పొలాల్లో జనం వంగి వంగి రాళ్లు వెతుకుతారు, ఏదో ఒకటి వజ్రం కాకపోతుందా అని. మూత్రపిండంలో రాయి వెతకకుండానే దొరుకుతుంది. దానికి మాత్రం ఎదురు డబ్బు మనమే ఇవ్వాలి.

స్త్రీల విషయం వేరుగా చెప్పాలి. పొలంలోను, ప్రయాణంలోను మరుగు దొరకదని పొద్దుటి నుంచి నీళ్లే మానుకొనే తల్లులు అనేకులు. చరక సంహితలో ‘నవేగాంధారణీయం’ అని ఒక అధ్యాయమే ఉన్నది. ఆపకూడని వేగాలు పదమూడని అందులో చెప్పబడింది. వాటిలో మూత్రవేగం ఒకటి. దానిని అణచినందువల్ల వస్తిలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, శిరోవేదన కలుగుతాయని మహర్షి హెచ్చరించాడు. ఇంటి యజమాని ఓళిగ వడ్డించమని అడిగే ముందు, ఇంటి ఆడవారు ఈ పూట నీళ్లు తాగారా అని అడగడం మేలు.

జాగ్రత్త: మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉండేటంత నీరు తాగాలి. రాళ్లు కట్టే స్వభావం ఉన్నవారికి రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. ఎండకాలంలో అందుకు మూడు లీటర్లకు మించి తాగవలసి ఉంటుంది. నిమ్మరసం, పలుచని మజ్జిగ, బార్లీ నీళ్లు మంచివి. అశ్మరీ రోగంలో ఉలవలను ఆయుర్వేదం ప్రశంసించింది. గుప్పెడు ఉలవలను రాత్రి నానబెట్టి, పొద్దున నాలుగు గ్లాసుల నీటిలో సగమయ్యేవరకు కాచి, వడగట్టి తాగవచ్చు. కొండపిండి ఆకు కూర కూడా సంప్రదాయంలో ఉన్నది. ఇవి చిన్న రాళ్లకు సహాయకారులే గాని, పెద్ద రాతిని కరిగిస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి చేరాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఇదివరకే ఉన్నవారు ఎంత నీరు తాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

మరి రెండు మాటలు. ఒళ్లు ఎండిన స్థితిలో ఒళ్లునొప్పుల మాత్రలు మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలుపుతీతకు వెళ్లి వచ్చిన రాత్రి అంగట్లో కొన్న మాత్ర అలవాటుగా మారకూడదు. ఇక మన జిల్లాలో అనేక బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. నీటిని పరీక్ష చేయించడమే మార్గం.

6. ప్రేగులు (అంత్రాలు)

నిర్వచనం: గుంతకల్లు జంక్షను. అన్ని దిక్కుల నుంచి వచ్చిన సరుకు ఇక్కడ దిగుతుంది, విడిపోతుంది, పోవలసిన చోటికి పోతుంది. మలబద్ధకమంటే సిగ్నలు పడక ఊరిబయట నిలిచిపోయిన గూడ్సుబండి.

చిన్నప్రేగు సుమారు ఇరవై అడుగులు, పెద్దప్రేగు ఐదడుగులు. పేరులో చిన్నది పొడవులో పెద్దది, పేరులో పెద్దది పొడవులో చిన్నది. వెడల్పును బట్టి పెట్టిన పేర్లివి. సారాన్ని చిన్నప్రేగు పీల్చుకుంటుంది, మిగిలిన నీటిని పెద్దప్రేగు లాగుకుంటుంది. బండి ఎంత ఆలస్యమైతే సరుకు అంత ఎండిపోతుంది. ఇదే మలబద్ధక రహస్యం.

జాగ్రత్త: జొన్నరొట్టె, కొర్రన్నం, ఆకుకూరలు బండికి పచ్చజెండా ఊపుతాయి. రాత్రి పడుకొనేటప్పుడు త్రిఫలచూర్ణం అరచెంచా నుంచి ఒక చెంచా వరకు గోరువెచ్చని నీటితో కొద్దిరోజులు తీసుకోవచ్చు. గర్భిణులు వైద్యుని అడగకుండా వాడరాదు. నలభై ఏళ్లు దాటిన తరువాత మలవిసర్జన అలవాటు ఉన్నట్టుండి మారినా, రక్తం పడినా మూలశంక అని ఊరుకోక పరీక్ష చేయించుకోవాలి.

7. మరి ముగ్గురు చిన్న ఉద్యోగులు

ప్లీహం: పాత ఇనుము కొనేవాడు. రక్తంలోని ఎర్రకణాలకు సుమారు 120 రోజుల ఆయుస్సు. కాలం తీరిన వాటిని పోగుచేసి తుక్కు చేయడం దీని వృత్తి. మలేరియాలో ఉబ్బుతుంది.

పిత్తాశయం: పెద్దకోడలి వంటింటి పక్కన ఊరగాయ జాడీ. కాలేయం చేసిన పిత్తరసాన్ని దాచి ఉంచి, నెయ్యి వాసన తగిలినప్పుడు వడ్డిస్తుంది. జాడీలో రాళ్లు పేరుకొని కుడివైపు పోటు వస్తే శస్త్రవైద్యుని సలహా తీసుకోవాలి.

క్లోమం: పెళ్లిపందిట్లో ఎవరు ఎన్ని ఓళిగలు తిన్నారో లెక్క వ్రాసుకొనే ఏకైక వ్యక్తి. ప్రాచీన గ్రంథాలలోని క్లోమం ఏ అవయవమన్న దానిపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. నేటి తెలుగులో ఇన్సులిన్ తయారుచేసే గ్రంథిని ఈ పేరుతో పిలుస్తున్నాము. చరకుడు క్లోమాన్ని దప్పికతో ముడిపెట్టాడు. ఈ గ్రంథి అలసినప్పుడు వచ్చే మధుమేహంలో అతిదాహం ముఖ్య లక్షణం కావడం ముచ్చటైన పోలిక. మెంతులు, కాకరకాయ పథ్యంలో చేర్చుకోవచ్చు. వాటిని నమ్మి ఇన్సులిన్ మాత్రం మానరాదు.

8. ఆత్మ

నిర్వచనం: ఎక్స్‌రేలో పడనిది, స్కానింగులో చిక్కనిది, ఆసుపత్రి బిల్లులో చేరనిది.

కోష్ఠాంగాల పట్టికలో ఆత్మ లేదు. అయినా దీనిని విడిచిపెడితే ఆయుర్వేద పాఠం పూర్తికాదు. శరీరం, ఇంద్రియాలు, మనస్సు, ఆత్మ ఈ నాలుగింటి కలయికనే చరకుడు ఆయుస్సు అన్నాడు. మనస్సు, ఆత్మ, శరీరం మూడుకాళ్ల ముక్కాలిపీట వంటివనీ, వాటి కూడికమీదనే లోకం నిలిచి ఉన్నదనీ చెప్పాడు. మరొక అడుగు ముందుకు వేసి, రోగానికి ఆశ్రయాలు శరీరమూ మనస్సూ మాత్రమే, ఆత్మ నిర్వికారమని తేల్చాడు. అనగా వైద్యుని గడప ఎక్కని కుటుంబ సభ్యుడు ఈ ఇంట్లో ఒక్కడే.

పాశ్చాత్యులు దీనిని తూచాలని కూడా చూచారు. అమెరికాలో డంకన్ మెక్‌డూగల్ అనే వైద్యుడు మరణశయ్యపై ఉన్న ఆరుగురిని తక్కెడ మంచంపై పడుకోబెట్టి, ఒకరిలో తగ్గిన ముప్పావు ఔన్సు ఆత్మ బరువని 1907లో ప్రకటించాడు. అది సుమారు 21 గ్రాములు. మిగిలినవారిలో లెక్క కుదరలేదు గనుక శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. మన కిరాణా అంగడిలో అంతకన్న ఎక్కువ తూకంలో తేడా వస్తుంది.

1954లో బోస్టనులో మూత్రపిండాన్ని, 1967లో కేప్‌టౌనులో గుండెను ఒకరి నుంచి మరొకరికి మార్చారు. గుండె మార్పిడి చేసుకొన్నవారెవరూ దాతగారి అప్పులు తీర్చవలసి రాలేదు, దాతగారి అత్తగారిని తమ అత్తగారనుకోలేదు. అవయవం మారినా ‘నేను’ మారలేదు. తన అవయవాలు తాను కానివాడు, పోయేముందు వాటిని మరొకరికి ఇచ్చి పోవడంలో నష్టమేమున్నది? మన రాష్ట్రంలో జీవన్‌దాన్ పథకం ద్వారా మరణానంతర అవయవదానం జరుగుతున్నది. ఈ విషయం ఇంటిల్లిపాదీ కూర్చొని ముందుగా మాట్లాడుకోవడం మంచిది. దుఃఖవేళ నిర్ణయం కష్టం.

చివరగా తెలుగువారి నిర్వచనం ఒకటి ఉన్నది. ఆకలి తీరినప్పుడు మనం ‘ఆత్మారాముడు శాంతించాడు’ అంటాము. వేదాంతులు తపస్సులో వెతికినవాడిని మన అమ్మమ్మలు రాగిసంగటి ముద్దలో కనుగొన్నారు. ఆకలిగొన్నవాడికి ముందు సంగటి పెట్టి, ఆ తరువాత ఆత్మను గురించి మాట్లాడాలన్నది అందులోని వైద్యనీతి.

గుర్తుంచుకోవలసినవి

1. కడుపులో నాలుగో భాగం ఖాళీగా ఉంచండి.
2. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే గ్యాసనుకోక 108కి ఫోను చేయండి.
3. రెండు వారాల దగ్గుకు కఫ పరీక్ష చేయించండి.
4. కామెర్లకు ముందు రక్తపరీక్ష, తరువాత మందు.
5. దాహం వేయకముందే నీరు తాగండి, మూత్రవేగాన్ని ఆపకండి, అనవసరంగా నొప్పిమాత్రలు మింగకండి.
6. ఆత్మకు మందు అవసరం లేదు. మిగిలినవాటి సంగతి చూచుకోండి.

ఈ పుటను పిల్లలచేత పైకి చదివించి, ఒక్కొక్క అవయవం ఎక్కడ ఉందో వారి ఒంటిమీదనే చేయి పెట్టి చూపించమనండి. గుండె చోటు తెలిసిన పిల్లవాడు ఒక రాత్రివేళ ఇంటి పెద్దను కాపాడగలడు.